లగ్గెరెలో, పిండిమర పైన గది

కింద రాగులు ఆడుతుంటే
పైన మా బెంచీలు వణుకుతాయి.
స్విచ్‌బోర్డుల మీద, కటింగ్ ప్లయర్ మీద,
తిప్పేస్వామి మేష్ట్రు కళ్లద్దాల మీద
సన్నగా బూడిదరంగు పిండి.
ఉఫ్‌మని ఊదుకుని మొదలుపెడతాడు:
"ఎర్రది ప్రాణం. నల్లది దారి. పచ్చది నేల.
తెలిసినోళ్లకు కరెంటు చుట్టం,
తెలీనోళ్లకు యముడు."
కుడిచేయి పైకెత్తి చూపిస్తాడు.
రెండు వేళ్లు లేవు.
అదే మా మొదటి పుస్తకం.

నాకు వచ్చిన పని ఒక్కటే, కాలర్లు.
పీణ్యాలో పదకొండేండ్లు,
రోజుకు ఆరువందల కాలర్లు కుట్టినా
పూర్తయిన చొక్కా ఒక్కటీ చూడలేదు.
ఒక సోమవారం గేటుకు తాళం.
కన్నడంలో ఒక కాగితం, ఇంగ్లీషులో ఒక కాగితం.
ఏడుపు మాత్రం తెలుగులో.

ఇంటి ఓనరు చెప్పుల చప్పుడు
మెట్ల మీద వినపడితే
లైటు ఆపేసి బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.
చీకట్లో నా వేళ్ల సందుల్లోంచి అడిగింది:
"మనం దొంగలమా మా?"

సంఘం అంటే పేరు పెద్దది గానీ
బుధవారం సాయంత్రం
నీళ్ల ట్యాంకరు వెనక చాప మీద ఎనిమిది మంది.
వంద రూపాయల లెక్క, వెయ్యి రూపాయల గొడవ.
ఆ రోజు సకీనా బీ నోటీసు చదివింది:
ఇంటి వైరింగు, మూడు నెలలు, ఫీజు లేదు,
మధ్యాహ్నం అన్నం వాళ్లదే.
"ఆడోళ్లకా?" అన్నా.
"కరెంటు ఆడా మగా చూసి కొడుతుందా ఏం?"

బడి నుంచి బిడ్డను తెచ్చేది ఓబులక్క.
రాత్రి సంగటి సకీనా ఇంట్లో.
ఓనరు దగ్గరికి ఎనిమిది మందీ పోయినారు.
అరవలేదు. ఊరికే నిలబడినారు.
రెండు నెలల గడువు ఇచ్చినాడు.
"ఈ అప్పు ఎట్ల తీర్చేది?" అంటే
"అప్పు కాదే, వంతు" అనింది ఓబులక్క,
ఈరుపేనితో బిడ్డ తల దువ్వుతా.

రెండో వారం నేను తీగలు తప్పు కలిపితే
కింద మర ఆగిపోయింది.
సగం ఆడిన రాగులు చేతిలో పట్టుకుని
రుద్రప్ప మెట్లెక్కి వచ్చి తిట్టినాడు.
నాకు సగమే అర్థమయింది. అదే చాలు.
మేష్ట్రు కుర్చీలోంచి లేవలేదు:
"ఆపింది నువ్వే కదా. నడిపించు."
ముప్పావు గంట.
చెమట కంట్లో పడుతుంటే
కుట్టుసూదిలో దారం ఎక్కించినట్టే
తీగ కొస బిగించినా.
మర ముసలెద్దు మాదిరి ఒకసారి దగ్గి
లేచింది.
సాయంత్రం బెంచీ మీద పిండి పొట్లం ఉంది.
ఎవరు పెట్టిందీ ఎవరూ చెప్పలేదు.

పద్నాలుగు మంది చేరినాం. తొమ్మిది మందికి సర్టిఫికెట్లు.
నాగవేణిని మొగుడొచ్చి క్లాసులోంచే తీసుకుపోయినాడు.
"పనుంది" అన్నాడు, అంతే.
దాని టెస్టరు బెంచీ మీదనే ఉండిపోయింది,
పిడికి గులాబీరంగు టేపు చుట్టి.

నా మొదటి పని ఎవరిదంటే నవ్వుతారు.
మా ఓనరు మెట్ల లైటు.
ఎన్నాళ్లుగానో పాడయిందంట.
ఆ మెట్లు ఆయన చీకట్లోనే ఎక్కేవాడని
నాకప్పుడు తెలీదు.
బిడ్డ స్టూలు పట్టుకుంది.
మూడు వందల యాభై అడిగినా, తగ్గించలేదు.

మీటరు కొసలు రెండూ తీగకు ఆనిస్తే,
తెగకుంటే, కీ మంటుంది.
గోడ లోపల ఎంత దూరం పోయినా సరే
ఈ కొసన అడిగింది ఆ కొసన పలుకుతుంది.

బుధవారం చాప అంచున
కొత్తామె ఒకతి, చెప్పులు విడవకుండానే కూర్చుంది.
నేను కొంచెం జరిగినా.

గులాబీ టేపు టెస్టరు నా సంచిలో ఉంది.
రోజూ సాయంత్రం నాగవేణికి ఫోన్ చేస్తా.
రింగు పోతుంది.
ఎత్తదు.
రింగు పోతుంది కదా, అనుకుంటా.